అరవై ఒకటో నంబరు బిళ్ళ

ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే కూలీల పేటలో తవిటయ్య ఇత్తడి బిళ్ళని చూడనివాళ్ళు లేరు. కంట్రాక్టు షెడ్డు గేటు దగ్గర రోజూ చూపించాల్సిన బిళ్ళ అది, నంబరు అరవై ఒకటి. నంబరు ఎంత చిన్నదైతే మనిషి అంత పాతవాడన్నమాట. ఇరవై రెండేళ్ళుగా ఆయన దాన్ని చింతపండుతో తోముతున్నాడు. జ్వరమొచ్చినా ఒక్క నాగా పెట్టి ఎరగడు.

కూతురు నూకరత్నం పక్కపేట ఇందాలో సి అనే కంప్యూటరు భాష నేర్చుకుని, తొంభై మూడులో అదే షెడ్డు కంప్యూటరు గదిలో తాత్కాలికంగా చేరింది. ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పనిచేసినవాళ్ళని ఏరి పర్మనెంటు జాబితా తీసే ప్రోగ్రాం ఆమెకే అప్పజెప్పారు. జాబితాలో లేనివాళ్ళకి ఇక షెడ్డులో పని లేదు.

సి భాషలో ముందే ఉన్న డేటా రకానికే మరో పేరు తగిలించే సదుపాయం ఒకటుంది, టైప్‌డెఫ్ అంటారు. మామూలు పూర్ణాంకానికి ఆ పిల్ల రెండు పేర్లు పెట్టింది, ఒకటి బిళ్ళ, ఒకటి రోజులు. పేర్లు వేరు గనక ఒకదాని చోట ఇంకోటి రాస్తే, ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలరే అరుస్తుందని ధీమా. అరవదమ్మా తల్లీ! పేరు గొప్ప ఊరు దిబ్బ, దానికి రెండూ ఒట్టి అంకెలే. రోజులు ఉండాల్సిన చోట బిళ్ళ నంబరు పడింది, కంపైలరు కిక్కురుమనలేదు. రెండు వందల నలభై దాటిన నంబర్ల కొత్తవాళ్ళంతా గట్టెక్కారు. చిన్న నంబర్ల పాతవాళ్ళంతా పోయారు, తవిటయ్యతో సహా.

తప్పు తెలిసేసరికి జాబితా మీద సంతకమైపోయింది. వెళ్ళి చెబితే ఆఫీసరు వరాహనరసింహం తలెత్తలేదు.

"సంతకమైన లిస్టు వెనక్కి రాదమ్మా. తప్పు నాదే అన్నావో, ముందు నువ్వే ఇంటికెళ్తావు. ఊరుకుంటే వచ్చే నెల నువ్వూ పర్మనెంటే."

ఊరుకుంది. పాపిష్టిదనండి, పిరికిదనండి, రెండూ నిజమే.

మర్నాడు పొద్దున్న పాతవాళ్ళంతా గేటు దగ్గర చేరారు. ఆఫీసరుని నిలదీద్దామని వాళ్ళలో ఎర్రయ్య ముందుకు కదిలితే, తవిటయ్యే అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటిరా గొడవ? అది నా కూతురు రాసినాది. మిసను తప్పు సెప్పదు. మనమే ఎక్కడో నాగాలెట్టుంటాం."

ఆయన మాట కాదనలేక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గేటు లోపల నిలబడి నూకరత్నం అంతా వింది. తవిటయ్య కమ్మీల దగ్గరికొచ్చాడు.

"నాకు గుర్తులేదు గానీ, ఎన్ని నాగాలెట్టినానమ్మా?"

"సానా ఉన్నాయి నానా."

ఆయన తలూపాడు. తెల్లారే తోముకొచ్చిన బిళ్ళని పంచె అంచుతో ఇంకోసారి తుడిచి, లోపల ఇచ్చెయ్యమని ఆమె చేతిలో పెట్టాడు.