మా ఆయన డైరీతో సారం దాకా

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ముత్తియాల్‌పేటలో మూడు రూపాయల టిక్కెట్టు తీసుకుని బస్సెక్కాను. చేతిలో గుడ్డసంచి, అందులో మా ఆయన డైరీ. ఆయన షాపులకు బోర్డులు రాసే పెయింటరు. పెళ్ళికి ముందే యానాం నుంచి ఈ తమిళ ఊరికి వచ్చాడు. రోజూ పని అయ్యాక తెలుగులో డైరీ రాసుకునేవాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవగలిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నాకైతే తమిళంలోనూ సంతకం వరకే. ఆయన పోయి పదకొండేళ్ళయింది. డైరీ పెట్టెలోనే ఉండిపోయింది.

నేను తెలుసుకోవలసింది ఒక్కటే. ముప్పయ్యేళ్ళు నా చేతి వంట తిన్నాడు. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. కంచం ముందు పెట్టగానే గుమ్మం వైపు వంచి, వెలుతురులో కాసేపు చూసేవాడు. వెంట్రుక వెతుకుతున్నాడనుకుని నేను తలకు గుడ్డ కట్టుకుని వండేదాన్ని. నోటితో చెప్పనిది డైరీలోనైనా రాశాడా అని నా ఆరాటం.

బస్సు నిండుగా ఉంది. పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒకామె జరిగి చోటిచ్చింది. మాట వింటే మనవాళ్ళే.

"ఏందక్కా, సంచిని బిడ్డ మాదిరి పట్టుకోనుండావు? ఏముండాది అందులో?"

"మా ఆయన."

ఆమె బుట్టతో సహా కిటికీకి అతుక్కుపోయింది. "బూడిద కాదులే తల్లీ, ఆయన రాసిన పుస్తకం" అన్నాక ఇద్దరికీ నవ్వు ఆగలేదు. దిగేటప్పుడు మూర మల్లెలు ఇవ్వబోయి, నా నొసలు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇయ్యి, పుస్తకానికి పెడతా" అని అందుకున్నాను.

సారం అనే పేటకు పోవాలంటే బస్టాండులో దిగి మారాలి. బస్సు మీద రాత చదవలేని నాలాంటివాళ్ళు డ్రైవర్నే అడగండి, తోలేది ఆయనే గదా. తొమ్మిదిన్నరకు సత్యవతిగారి ఇంటికి చేరాను. మా పక్కింటి పిల్ల పనిచేసే ఆఫీసులోనే ఆవిడా పనిచేస్తుంది. ఊరు యానాం. నాకు ఇడ్లీ పెట్టి, కాఫీ ఇచ్చి, కళ్ళజోడు తగిలించుకుని డైరీ చదవడం మొదలుపెట్టింది.

"'సోమవారం. వాన. రిక్షావాళ్ళు నలుగురు వెనక రేకులు తెచ్చారు. ముగ్గురికి నెమలి, ఒకడికి పులి. ఆరబెట్టే చోటు లేక పులిని మంచం కింద పెట్టాను.'"

"ఆ పులి మీద కాలేసిందాన్ని నేనే. వారం దాకా అరికాలు పసుపే!"

"'కిరసనాయిలు క్యూలో ఆవిడ రెండు గంటలు నిలబడింది. సగం నా కుంచెలు కడగడానికి ఇచ్చింది.'"

"ఇచ్చేదేంది, లాక్కున్నాడు."

అలా గంటన్నర. కుళాయి దగ్గర తగువులు, సినిమా మారే శుక్రవారాలు, మా ఇంట్లో మొదటిసారి వెలిగిన కరెంటు బల్బు, అన్నీ ఉన్నాయి. నా వంట మాటే లేదు. నా మొహం చిన్నబోయింది.

పదకొండు దాటాక సత్యవతిగారు ఆగింది. "ఇదేంటండీ, డైరీయా, వంటల పుస్తకమా? 'సైకిల్ షాపు బోర్డు. అంచుకు చేపల పులుసు. అక్షరాలకు గోంగూర పచ్చడి, రెండో రోజుది.' బోర్డుకి పులుసు పూసేరాండీ ఆయన?"

కంచం వంచి వెలుతురులో చూసిన మనిషి కళ్ళముందు నిలబడ్డాడు. వెంట్రుకా లేదు, పాడూ లేదు. "అది రంగు తల్లీ! నా పులుసు చూసి రంగు కలుపుకున్నాడు. సరే, రుచి సంగతి యాడన్నా రాసుండాడా చూడు."

ఆవిడ పేజీలు తిప్పీ తిప్పీ ఒకచోట వేలు పెట్టింది. "'పులుసు. ఈ ఎరుపు డబ్బాల్లో దొరకదు. మళ్ళీ వడ్డించమన్నాను. రంగు కోసం కాదు.'"

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారీ.

పన్నెండున్నరకు తిరుగు బస్సు. కిటికీ పక్కనే కూర్చున్నాను. చదవలేని బోర్డులు చూసేదెందుకని ఇన్నేళ్ళూ తలెత్తలేదు. ఇప్పుడు ఊరంతా వెతుక్కుంటూ వచ్చాను. చాలా చోట్ల ఫ్లెక్సులు కట్టేశారు. ముత్తియాల్‌పేట మొదట్లో ఆ సైకిల్ షాపు బోర్డు మాత్రం తుప్పుపట్టి ఇంకా ఉంది. పక్కనున్న పెద్దాయనను మోచేత్తో పొడిచాను.

"అదో, ఆ అంచు చూడన్నా. నా చేపల పులుసు."

ఆయన నన్నోసారి, బోర్డునోసారి చూశాడు. "వెలిసిపోయిండాదే!"

"అవును, ఇంకొంచెం కారం పడాల" అన్నాను.