బిడ్డ పండుకుంటే ఆగే కారు

ప్రొద్దుటూరు టాక్సీ జమాల్‌కు ఒకటే జబ్బు. కారులో పసిబిడ్డ కునుకు తీసిందంటే చాలు, బండి ఆపేస్తాడు. ఎండ కానీ, వాన కానీ, వెనక పెళ్ళివారి లారీ గగ్గోలుపెట్టనీ, బిడ్డను దించి వెల్లకిలా పడుకోబెట్టి, అది లేచి ఏడిస్తే గానీ మళ్ళీ స్టీరింగు ముట్టడు. లోకంలో డ్రైవర్లందరూ పిల్లలు ఏడిస్తే విసుక్కుంటారు. జమాల్ ఒక్కడే ఏడుపు వినగానే "హమ్మయ్య, పోదాం పాండి" అనేవాడు.

అతని సరంజామా కూడా అదే తీరు. కారియరు మీద బారెడు వేపచెక్క పలక, దానికి చుట్టిన చాప ఎప్పుడూ ఉండేవి. లోపలి అద్దం వెనకొచ్చే బళ్ళను కాక వెనక సీట్లోని బిడ్డను చూపించేది. మరి వెనక ఏమొస్తోందో ఎట్లా తెలుస్తుందంటే, "వచ్చేటోనికి హారను లేదా?" అనేవాడు. ఇక దిండ్లు. పసిబిడ్డ పక్కన దిండు కనిపిస్తే జప్తే. మనిషి పొట్టి. రోడ్డు కనిపించడానికి ఆ దిండ్లనే ఒకదాని మీద ఒకటి వేసుకుని కూర్చునేవాడు. ఈ వేషాలన్నీ దిండ్ల కోసమేనని గిట్టనివాళ్ళు అనేవారు. నేను చెప్పేదాంట్లో అబద్ధం అణా ఎత్తు కూడా ఉండదు. ఉంటే రెండణాల బేడ ఎత్తు ఉంటుందేమో.

యాభై ఏడులో నేను ఈ మనిషి వాత పడ్డాను. మా ఆవిడ వైదేహి పురిటికని ప్రొద్దుటూరు పుట్టింటికి వెళ్ళి ఆరు నెలలైంది. పులివెందులలో నేనూ మా నాయనా, ఇద్దరు మగాళ్ళం, వంతులవారీగా ఉప్మా మాడ్చుకుని తింటున్నాం. మా నాయన నరసింహం గారు పురోహితుడు. తల్లీబిడ్డా ఇంటికి రావడానికి ఆయనే ముహూర్తం పెట్టాడు. గురువారం పదకొండు గంటలా పది నిమిషాలకు గడప దాటాలి. తప్పితే మర్నాటి నుంచి మూఢం. అంటే వైదేహి వెనక్కి, నేను మరో రెండున్నర నెలలు ఉప్మాకి.

వాళ్ళను తీసుకురావడానికి నేను మూడు రోజుల ముందే ప్రొద్దుటూరు వెళ్ళాను. మూఢానికి ముందు పెళ్ళిళ్ళ హడావిడిలో టాక్సీలన్నీ పోగా మిగిలింది జమాల్ ఒక్కడే. నలభై అయిదు మైళ్ళు. పొద్దున ఏడింటికి బయలుదేరితే ఎంత నత్తనడకైనా పదిలోపు చేరాలని లెక్కేసుకున్నాను. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పిన సమయపాలన నాది.

మా అత్తగారు ప్రయాణం కోసమని మేదరవాళ్ళతో ప్రత్యేకంగా వెదురు కుర్చీబుట్ట అల్లించింది. అందులో రెండు దిండ్లు కూరి మూడు నెలల బిడ్డను మహారాణిలా కూర్చోబెట్టింది. జమాల్ వచ్చీ రావడంతోనే రెండు దిండ్లూ లాగి తన సీటు కింద వేసుకున్నాడు.

"బుట్ట ఉండనీమ్మా, కుదుపులకు పనికొస్తాది. కుర్చీ కూచోనీకే, నిద్రకు కాదు."

మూడో మైలురాయి దగ్గర కారు ఆగింది.

"ఏంది మామా, ఆపినావు?"

"బిడ్డ పండుకునింది."

"పండుకుంటే మంచిదే కదా!"

"కూచోని పండుకునిందప్పా. గడ్డం ఎద మీదికి వాలింది చూడు. మెడ మడిస్తే ఊపిరి యాడ పోతాది? నీ సైకిలు ట్యూబు మడిచి గాలి కొట్టు, ఎక్కుతాదేమో చూద్దాం."

పలక దిగింది, చాప పరిచాడు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పక్కనే గొంతుక్కూర్చుని, దాని పొట్ట మీద చెయ్యి వేసి కదలకుండా చూస్తున్నాడు. రెండు ఎద్దులబళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని ఒకామె ఊళ్ళోకి వెళ్ళి, అంతా అమ్ముకుని ఖాళీ కుండతో తిరిగొచ్చింది.

"అయ్యో, ఇంకా ఈడనే ఉండారా నాయనా?" అంది జాలిగా.

జమ్మలమడుగు దగ్గర పడుతుంటే నేనొక ఉపాయం పన్నాను. బిడ్డను నిద్రపోనివ్వకుండా ఉంటే సరి! సిస్టర్లు నేర్పిన పాటలన్నీ గొంతెత్తి అందుకున్నాను. మొదటి పాట సగంలోనే బిడ్డ నిద్రపోయింది.

"ఆపు అప్పా, నాకే నిద్రొస్తాంది," అంటూ జమాల్ బ్రేకు వేశాడు.

"మామా, ఈ జబ్బు నీకు పుట్టుకతో వచ్చిందా?"

బిడ్డ పొట్ట మీంచి చెయ్యి తీయకుండానే చెప్పాడు. "నా కూతురు ఖమ్రున్నీసా ఇంతదే ఉండె అప్పుడు. కలమల్ల కాడ పోతాండాం. గంపలో దిండ్లు పెట్టి కూచోబెట్టినాం. నేను రోడ్డు చూస్తాండా, మా ఆడమనిషి కునికింది. ఎందుకో తిరిగి చూస్తే బిడ్డ గడ్డం ఎదకానుకోని ఉంది. పెదాలు నేరేడుపండ్ల మాదిరి అయినాయి. గబుక్కున తీసి వెల్లకిలా పండబెడితే అప్పుడు కేరుమనింది."

"ఇప్పుడెట్లుంది?" అన్నాను.

"ఎట్లుంటాది? అది మార్కెట్లో కేకేస్తే ఎర్రగుంట్ల టేసన్లో రైలు ఆగుతాది."

జాలిపడ్డాను గానీ గడియారం జాలిపడలేదు. పెన్న దాటి, ముద్దనూరు దాటి, పులివెందుల ఇంకా రెండు మైళ్ళుందనగా పదీ యాభై. ఇంకేం, గెలిచానని మీసం మీద చెయ్యి వేశాను. కారు పక్కకు తిరిగి ఆగిపోయింది.

"మామా! నీ కాళ్ళు మొక్కుతా. రెండే మైళ్ళు!"

"వెనక్కి తిరిగి చూడప్పా."

చూశాను. బిడ్డ నిద్రపోతోంది. వైదేహి కూడా తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"బిడ్డ పండుకుంటే ఒకరు మేలుకోని చూడల్ల. తల్లి పాపం సోలిపోయింది. నేను రోడ్డు చూడల్ల. నువ్వు దేన్ని చూస్తాండావు? పొద్దున్నుంచి నీ చేతి గడియారాన్ని. అదేమన్నా ఊపిరి పీలుస్తాదా?"

కోపంతో నాకు చెవులు వేడెక్కాయి. అయినా చొక్కా చెయ్యి లాగి గడియారాన్ని కప్పుకున్నాను.

వేపనీడలో పలక పరిచి బిడ్డను పడుకోబెట్టాడు. తన సీటు కింది నుంచి ఒక దిండు లాగి, వైదేహి నిద్ర చెడకుండా తల కింద సర్దాడు. "దిండ్లు బిడ్డలకు కాదప్పా, తల్లులకు. ఈయమ్మ కడుపునిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నువ్వు బిడ్డ కాడ కూచో. నేను నీళ్ళు తెస్తా."

నేను కూర్చున్నాను. అతను చేసినట్టే పొట్ట మీద చెయ్యి వేశాను. నా చేతి కింద ఆ గుప్పెడు పొట్ట లేస్తోంది, దిగుతోంది. నా కూతుర్ని అంత దగ్గరగా, అంతసేపు చూడడం అదే మొదటిసారి. దాని ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఉంది. మళ్ళీ గడియారం చూసేసరికి పన్నెండున్నర. ముహూర్తం ఎప్పుడు దాటిపోయిందో తెలియనే లేదు.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. మా నాయన పంచాంగం చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"నాయనా, ముహూర్తం..."

"ఇంకా పది నిమిషాలుంది. కాళ్ళు కడుక్కోపో."

"పదకొండూ పది అన్నావు కదా!"

"అది నీకు పెట్టింది. ఒంటిగంటా ఇరవై బిడ్డకు పెట్టింది. మొన్న ఈ జమాల్ పనిగట్టుకోని ఈడికి వచ్చినాడు. 'సామీ, నా కారులో పసిబిడ్డ ఎక్కితే రెండు ముహూర్తాలు కావల్ల' అని గడప కాడ కూచున్నాడు. రాహుకాలం రాకముందే ఇంకోటి వెతికి పెట్టేదాకా కదల్లేదు."

"మరి నాకు చెప్పలేదేంది?"

"రెండోది ఉందని తెలిస్తే మొదటిదాన్ని ఎవడన్నా లెక్కచేస్తాడారా?"

నేను జమాల్ మీదికి తిరిగాను. "తెలిసి కూడా దారంతా నన్ను ఏడిపిస్తివి కదా మామా!"

"సామి ఒట్టు పెట్టించుకున్యాడు. అదీగాక, చెప్పింటే నువ్వు గూడా పండుకుంటాంటివి. మల్ల బిడ్డను ఎవురు చూస్తారు?"

ఒంటిగంటా ఇరవైకి హారతిచ్చి లోపలికి తీసుకున్నారు. బిడ్డ గడప దాటుతూనే మళ్ళీ కునుకు తీసింది. పక్కింటి నిర్మలమ్మ తొట్టి ఉయ్యాల్లో కొత్త బూరుగుదూది దిండు ముచ్చటగా అమర్చి ఉంచింది. జమాల్ నోరు తెరిచేలోగానే మా నాయన మంత్రం మధ్యలో ఆపి గట్టిగా అరిచాడు.

"ముందు ఆ దిండు తియ్యండి! వెల్లకిలా, వెల్లకిలా!"

వాకిట్లోంచి ఒక చెయ్యి నెమ్మదిగా లోపలికి వచ్చింది. నిర్మలమ్మ గొణుక్కుంటూ దిండు దాని మీద పెట్టింది. ఆ సాయంత్రం జమాల్ వచ్చినదాని కన్నా ఒక దిండు ఎత్తు పెరిగి ప్రొద్దుటూరుకు తిరిగి వెళ్ళాడు.