కరియ చెవికి పెట్టిన గుర్తు

పెనుకొండలో ఈ ఏడు జరిగిన జీవాల ప్రదర్శనలో, ఏ లోపమూ లేని ఒక పొట్టేలును అంగలోపం గలదిగా నిర్ణయించి పోటీ నుండి తొలగించారు. దాన్ని పెంచి తెచ్చిన పిల్ల ఒక్క అబద్ధం చెబితే చాలు, లోపలికి రానిస్తామన్నారు. ఆ పిల్ల చెప్పలేదు. చెప్పనందువల్ల, బరి చుట్టూ కట్టిన తాడుకు అవతలే నిలబడింది. జరిగిన అన్యాయం ఇదే. దీనికి మెరుగులు దిద్దవలసిన పని లేదు. ప్రదర్శన కరపత్రమూ, పిల్లకు ఇచ్చిన ప్రవేశపు చీటీ, దాని మీద ఎర్ర సిరాతో కొట్టిన అడ్డగీతతో సహా, నా పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎవరు వచ్చి అడిగినా తీసి చూపిస్తాను.

ఆ పిల్ల పేరు చాముండేశ్వరి. చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మా ఊళ్ళో ఆరో తరగతి చదువుతోంది. తండ్రి కుళ్లాయప్ప వారమంతా బెంగళూరులో కట్టడాల పని చేసి ఆదివారానికి ఇల్లు చేరుతాడు. తల్లి కల్పన హిందూపురం దారిలోని బట్టల కంపెనీలో కుట్టుపనికి పోతుంది. కనుక ఇంటినీ, గొర్రెల మందనూ నడిపేది చాముండేశ్వరి అవ్వ యల్లక్క. వారి రొప్పం, అంటే రాత్రిపూట గొర్రెలను మూసే కంప దొడ్డి, మా ఇంటికి ఎదురుగానే ఉంది. అందువల్ల నేను రాస్తున్న దానిలో ఊహించి చేర్చినది ఏదీ లేదు.

పోయిన ఏడాది శనక్కాయలు పెరికే కాలంలో ఒక గొర్రె నల్లటి పొట్టేలు పిల్లను ఈని, మళ్ళీ లేవలేదు. తల్లి పోయిన పిల్లను మందలో మరే గొర్రె కూడా దగ్గరికి రానివ్వదు. చాముండేశ్వరి దాన్ని ఒళ్ళో వేసుకొని వచ్చి, ఇంట్లోని మేక పొదుగుకు పట్టింది. మేక తన్నింది. ఆ అమ్మాయి మేక మెడను చంకలో ఇరికించుకొని, నోటికి తుమ్మ కొమ్మ అందించి, అది ఏమరుపాటుగా నములుతూ ఉండగా పాలు తాపింది. కొన్నాళ్ళకు పిల్ల కనబడకపోతే మేకే అరిచి పిలవడం మొదలుపెట్టింది. నల్లగా ఉన్నందుకు దానికి కరియ అని పేరు పెట్టారు. సరిహద్దు ఊళ్ళలో మేము సగం మాటలు కన్నడంలోనే పలుకుతాము.

ఇక్కడ మా మందల ఆచారం ఒకటి తెలియాలి. గొర్రెలున్న ప్రతి ఇంటికీ తనదైన చెవి గుర్తు ఉంటుంది. ఎండాకాలంలో నాలుగు మందలు కలిసి దూరం మేతకు పోయినప్పుడు ఏ జీవం ఎవరిదో ఆ గుర్తే చెబుతుంది. కుడి చెవి కొనను అడ్డంగా కోసి, కింది అంచున చిన్న గంటు పెట్టడం యల్లక్క ఇంటి గుర్తు. ఆమె అత్తగారి కాలం నుండి అదే. అయితే అన్ని పిల్లలకూ గుర్తు వెయ్యరు. అమ్మబోయే పొట్టేలు పిల్లల చెవిని ముట్టుకోరు. ఇంటి గుర్తు వేసి అమ్మితే ఇంటిమనిషిని అమ్మినంత తప్పుగా భావిస్తారు. గుర్తు పడిందంటే ఆ జీవం చివరిదాకా మందలో ఉంటుందని అర్థం.

కరియకు మందతో బయటికి పోయే వయసు వచ్చిన నాడు చాముండేశ్వరి దాన్ని తెచ్చి అవ్వ ముందు నిలబెట్టింది.

“అవ్వా, దీనికి గుర్తు ఎయ్యి.”

“పొట్టేలు పిల్లకి గుర్తేందే? బక్రీదు ముందర బేరగాడు వస్తాడు.”

“అందుకే ఎయ్యమంటాండా.”

“మీ నాయన్ని అడుగు పో.”

“నాయన బెంగళూరులో ఉండాడు. కత్తి నీ చేతిలో ఉండాది.”

యల్లక్క ఆ పిల్ల ముఖం చూసి, ముసలిదైపోయి, మారుగా మరొకటి కావలసిన మందపొట్టేలు వైపు చూసి, ఆముదంలో పసుపు కలిపి పెట్టుకొంది. చాముండేశ్వరి కరియ తలను మోకాళ్ళ మధ్య పట్టుకొని కళ్ళు మూసుకుంది. “పెద్దగా కొయ్యవ్వా, రోడ్డు మీద పొయ్యేవాళ్ళకు గూడా తెలియాల” అన్నది. ఆదివారం వచ్చిన కుళ్లాయప్ప చెవి చూసి, తల గోక్కొని, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

ప్రదర్శన సంగతి తెచ్చినవాడు నాగరాజు. మా ఊరి పాత రైతు కుటుంబం వాడు. యల్లక్క మందను ఎరువు కోసం ఏటా తన చేలోనే కట్టించుకుంటాడు. ప్రదర్శన కమిటీలో ఆయనా ఒక సభ్యుడు. బాలల విభాగం కొత్తగా పెట్టారనీ, తాను పెంచిన జీవాన్ని తానే నడిపించి చూపాలనీ ఆయనే వచ్చి చెప్పాడు. కరపత్రాన్ని అరుగు మీద కూర్చొని నేను చదివి వినిపించాను. అంగలోపం గల జీవాలకు ప్రవేశం లేదన్న మాట దగ్గర యల్లక్క తల ఊపి, “కుంటిదీ గుడ్డిదీ వద్దంటారు, అంతే కదప్పా” అన్నది. అక్కడ కూర్చున్న అందరిదీ అదే అభిప్రాయం. కరియ మా ఎదుటే నిలబడి శనక్కట్టె, అంటే కాయలు కోసిన ఎండు వేరుశనగ మేత, నములుతోంది. దాని చెవి ఒక్కరికీ గుర్తుకు రాలేదు. మందల మధ్య పుట్టి పెరిగినవారికి కోసిన చెవే అసలైన చెవి.

ఆ తరువాత చాముండేశ్వరి చేసిన శ్రమకు ఊరంతా సాక్షి. నానబెట్టిన ఉలవలు, ఏరుకొచ్చిన తుమ్మకాయలు, బడిలో తనకు ఇచ్చే చిక్కీలో సగం కరియకే పోయేవి. నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి నిలబడడం, తాడు లాగకుండా పక్కనే నడవడం నేర్పింది. మైకు మోతకు బెదరకూడదని, ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి జరిగినా మైకు పెట్టె పక్కన దాన్ని కట్టేది. లారీల హారన్లు అలవాటు కావాలని బెంగళూరు హైవే పక్కకు నడిపించుకొని పోయేది. ఒకసారి దాన్ని బడి ఆవరణలోకి తెస్తే ప్రధానోపాధ్యాయుడు మందలించాడు. “సార్, ఇది పిలకాయల అరుపుకు అలవాటు పడాల. రెండు దినాలే” అని ఆ అమ్మాయి బతిమాలలేదు, తెలియజేసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ప్రదర్శన నాటి ఉదయం కుళ్లాయప్ప పని మానుకొని వచ్చి, పొట్టేలునూ మమ్మల్నీ ఆటోలో ఎక్కించాడు. పెనుకొండ మైదానంలో ధర్మవరం నుండి వచ్చినవారి పొట్టేలు ఒకటి మెడకు పట్టు అంచు చుట్టుకొని నిలబడింది. దాని తాడు పట్టుకున్న పిల్లవాడు కరియను చూసి, “ఏమే, మీ దాని చెవి ఎవురు తినిరి?” అన్నాడు.

“మీ దానికి చీర ఎవురు కట్టిరి? కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకో, తొక్కి పడతాది” అన్నది చాముండేశ్వరి.

ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడికి అంతా బాగానే ఉంది.

బరిలోకి పోయే దారిలో ఒక బల్ల వేసుకొని, న్యాయనిర్ణేతగా వచ్చిన పశువైద్యుడు ప్రతి జీవాన్నీ పరీక్షిస్తున్నాడు. కరియ పళ్ళు చూశాడు, వీపు నిమిరాడు, గిట్టలు ఎత్తి చూశాడు, మెచ్చుకోలుగా తల ఊపాడు. ఆ తరువాత చెవి పట్టుకున్నాడు.

“ఈ చెవి ఏమైంది పాపా?”

“గుర్తు సార్. మా అవ్వ కోసింది.”

“కావాలని కోశారా?”

“కావాలనే సార్. కోసేటప్పుడు పట్టుకున్నింది నేనే.”

ఆయన కరపత్రం తీసి ఐదో నిబంధన చూపించాడు. చెవి కొన లేకపోవడమూ అంగలోపమేనన్నాడు. అయితే ప్రమాదం వల్ల కలిగిన గాయాన్ని లోపంగా లెక్కించరని కూడా అక్కడే ఉంది. నాగరాజు పక్కనుండి వంగి, “పాపా, కుక్క కరిచిందని చెప్పు. అట్లయితే రూలు అడ్డం రాదు. ఏం సార్?” అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదేనని నేను ఒప్పుకుంటాను. వైద్యుడు, “ప్రమాదమైతే నాకు అభ్యంతరం లేదు” అని కలం పట్టుకొని ఎదురుచూశాడు.

కుళ్లాయప్ప బిడ్డ భుజం తట్టాడు. “చెప్పు మే. ఒక్క మాటే కదా.”

చాముండేశ్వరి కరియ చెవిని ఒకసారి తడిమింది. “కుక్క ఇంత సాపుగా కరుస్తాదా నాయనా? కత్తి పెట్టి కొలిచి కరిచిందని చెప్పాలా?” అన్నది. వరుసలో నిలబడినవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. వైద్యుని వైపు తిరిగి, “కుక్క కరవలా సార్. కుక్క కరిచిందంటే నేను దాన్ని విడిచిపెట్టి యాడికో పోయినట్టు. నేను యాడికీ పోలా” అన్నది.

పట్నం మనిషికి కుక్క కరిచిందన్నది ఒక చిన్న సాకు. మంద కాసేవారికి అది తమ కాపలా మీద తామే వేసుకునే నింద. తాను పెంచిన తీరును చూపడానికి వచ్చిన పిల్లను, తాను సరిగా పెంచలేదని ఒప్పుకొంటే పోటీకి రానిస్తామని అడిగారు. అడిగినవారికి అది తెలియకపోవచ్చు. ఆ పిల్లకు తెలుసు.

వైద్యుడు చీటీ మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీశాడు.

“ఇంటికి పోదాం పా” అన్నాడు కుళ్లాయప్ప.

“మైకు పెట్టినారు నాయనా. అది బెదరతాదో లేదో చూడాల కదా” అని చాముండేశ్వరి తాడుకు బయట, బరి అంచునే, పొట్టేలును పట్టుకొని నిలబడింది. మైకు ఒక్కసారిగా కీచుమనగానే లోపల పొట్టేళ్ళు చెల్లాచెదురుగా లాగాయి. ధర్మవరం పొట్టేలు తన పట్టు అంచును తానే తొక్కుకొని మోకరిల్లింది. కరియ కదలలేదు. లోపల ఉన్నవారికి నడిపించమని చెప్పినప్పుడల్లా ఈ అమ్మాయి బయట నడిపించింది, నిలబెట్టమన్నప్పుడల్లా నిలబెట్టింది. కొంతసేపటికి జనం సగం మంది బరి వైపు వీపు పెట్టి ఇటు చూడసాగారు. ఎవరో ఒక పెద్దమనిషి, “ఏమప్పా, బహుమతి లోపలుండే వాటికా, బయటుండే దానికా?” అని అడిగాడు. కమిటీ వారు మైకు మోత ఇంకాస్త పెంచారు.

మొదటి బహుమతి పొందిన పొట్టేలు చెవికి పసుపు రంగు బిళ్ళ ఉంది. పశుసంవర్ధక శాఖ వారు చెవికి రంధ్రం చేసి తగిలించే బిళ్ళ అది. ఆ పొట్టేలు మంచిదే. దానిని తప్పు పట్టను. బహుమతులు అయ్యాక చాముండేశ్వరి వైద్యుని దగ్గరికి పోయింది.

“సార్, ఆ చెవికి గూడా బొక్క పెట్టినారు కదా?”

“అది గుర్తు పాపా. ఎవరిదో తెలియడానికి.”

“మాది గూడా ఎవరిదో తెలిసేదానికే సార్.”

“దానికి నంబరు ఉంటుంది. ఏ ఊళ్ళో చూసినా వివరాలు తెలుస్తాయి. మీ గుర్తు మీ ఊరివాళ్ళకే తెలుస్తుంది కదా” అన్నాడాయన, కోపం లేకుండా. తరువాత గొంతు తగ్గించి, “నిబంధన రాసింది నేను కాదు. మళ్ళీ ఏడు చెవి కొయ్యని దాన్ని తీసుకురా. నువ్వు గెలుస్తావు” అన్నాడు.

ఆయన చెప్పిన మాటలో న్యాయం లేకపోలేదు. అంకె ఉన్న గుర్తు ఎక్కువ దూరం పలుకుతుంది, నిజమే. కాని తక్కువ దూరం పలికే గుర్తు లోపం ఎట్లా అవుతుంది? కార్యాలయం చేసిన రంధ్రాన్ని గుర్తింపు అనీ, అవ్వ పెట్టిన గంటును అంగలోపం అనీ పిలిచే హక్కు ఈ కమిటీకి ఎవరు ఇచ్చారు? మా మండలంలోనే కాదు, నల్లమాడ, అమడగూరు వైపు నుండి వచ్చిన జీవాల్లోనూ కోసిన చెవులు ఉన్నాయి. వాటిని తెచ్చినవారు బల్ల ముందు కుక్కనో ముళ్ళకంపనో సాక్షిగా చెప్పి లోపలికి పోవడం నా కళ్ళతో చూశాను. వారిని నిందించను. అబద్ధానికి తలుపు తెరిచి నిజానికి మూసిన నిబంధనను నిందిస్తున్నాను.

అసలు నష్టం ఇంటికి వచ్చాక తెలిసింది. ఈ కారులో, అంటే ఈ ఈతల కాలంలో, మందలో మరో మంచి పొట్టేలు పిల్ల పుట్టింది. నుదుట తెల్ల చుక్క, బలమైన కాళ్ళు. వైద్యుని సలహాను తలచుకొని కుళ్లాయప్ప, “దీనికి గుర్తు ఎయ్యకుండా పెంచుదాం. మళ్ళీ ఏడు పోటీకి దీన్ని కొండబోదువు” అన్నాడు.

“గుర్తు ఎయ్యకుంటే?” అన్నది చాముండేశ్వరి.

గుర్తు లేని పొట్టేలు అమ్మకానికే. ఏడాది పాటు దాన్ని పెంచి, నడక నేర్పి, మైదానంలో నిలబెట్టి, బహుమతి తెచ్చి, ఆ తరువాత బేరగానికి తాడు అందించాలి.

“గుర్తు ఏస్తే పోటీకి పనికిరాదు. ఎయ్యకుంటే ఇంటికి పనికిరాదు” అన్నది యల్లక్క. “పిల్లకు నువ్వే చెప్పు కుళ్లాయా, ఏది కావాలో.”

“అవ్వా, నాయన్ని ఎందుకు అడుగుతావు? రూలు రాసినోళ్ళని అడగాల” అన్నది చాముండేశ్వరి. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల గొంతులో బాధ లేదు. పని ఎవరి దగ్గర ఆగిందో తెలిసినవారి స్పష్టత ఉంది. కరియకు శనక్కట్టె వేసి బడికి పోయింది.

అందుచేత ప్రదర్శన కమిటీ వారినే అడుగుతున్నాను. ఇంటి గుర్తుగా కోసిన చెవిని అంగలోపంగా లెక్కించరాదని ఐదో నిబంధనలో రాయండి. ఎర్ర సిరా గీసిన ఆ చీటీ పొరపాటున గీసినదని బాలల విభాగం రికార్డులో నమోదు చేసి, చాముండేశ్వరికి రాతపూర్వకంగా తెలియజేయండి. కరియను మళ్ళీ పరీక్షించి, దాని పళ్ళకూ వీపుకూ నడకకూ తగిన స్థానం ఏదో ప్రకటించండి. అది ఆఖరి స్థానమైనా ఆ అమ్మాయి తల ఎత్తుకొనే తీసుకుంటుంది. తెల్ల చుక్క పిల్ల మందతో బయటికి పోయే రోజు దగ్గరపడుతోంది. ఆ రోజు యల్లక్క కత్తి పట్టాలా వద్దా అన్నది మీ జవాబు మీద ఆధారపడి ఉంది. ప్రదర్శన అయ్యాక మేము ఇచ్చిన వినతి అందలేదని చెప్పవద్దు, అందినట్టు మీరు సంతకం చేసిన రసీదు నా దగ్గర ఉంది. ఆ గొర్రెపిల్ల చెవిని కత్తి ముట్టుకొనేలోగా జవాబు రాయండి.