నూనె గొట్టం సంగతి అడగడానికి లండన్ వెళ్లిన రోజు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జూన్‌లో, స్విండన్‌లోని మా అద్దె ఫ్లాట్‌కి నా పేరు మీద ఒక కవరు వచ్చింది. నా పేరు మీద మామూలుగా వచ్చేవి రెండే. పళ్ల డాక్టరు దగ్గరికి రమ్మని ఒకటి, కౌన్సిల్ ట్యాక్స్ కట్టమని ఒకటి. ఇది మూడో రకం. ఉత్తర ఇరాక్‌లో చమురు తీసే ఒక చిన్న లండన్ కంపెనీ తన వాటాదారులను వార్షిక సమావేశానికి రమ్మంటోంది. వాటాదారు పేరు సుజాత. అంటే నేను.

"అదేం లేదులే, పారేయ్" అన్నాడు మా ఆయన రవి, ఉత్తరం వైపు చూడకుండానే. చూడకుండా అన్నాడు కాబట్టి నేను పారేయలేదు.

రెండు కప్పుల టీ అయ్యేసరికి విషయం బయటపడింది. ఇల్లు కొనడానికి దాచిన డబ్బులో సగం పెట్టి, పన్ను కలిసొస్తుందని నా పేరు మీద ఖాతా తెరిచి, ఆ కంపెనీ షేర్లు కొన్నాడట. ఇప్పుడవి కొన్న ధరలో నాలుగోవంతుకి వచ్చాయి.

"బావిలో నూనె అయిపోయిందా?"

"బోలెడుంది. గొట్టం దగ్గరే గొడవ."

గొడవ ఇదీ. బావి ఉన్నది ఉత్తరాన, కుర్దుల ప్రాంతీయ ప్రభుత్వం కింద. వాళ్లు గొట్టం వేసి టర్కీ మీదుగా సముద్రం దాకా నూనె పంపుతున్నారు. ఆ నూనె దేశమంతటిదీ, మాకు చెప్పకుండా అమ్మితే దొంగ సరుకే అంటుంది రాజధాని బాగ్దాద్. అని, ఉత్తరానికి ఇవ్వాల్సిన నిధులు ఆపేసింది. నిధులు రాలేదని ఉత్తరం వాళ్లు కంపెనీకి డబ్బు ఆపేశారు. వరసలో చివర నిలబడ్డది స్విండన్‌లో మేము.

"మరి అమ్మేయకపోయినావా?"

"వాళ్లిద్దరూ వచ్చే నెల రాజీ పడతారన్నారు."

"ఎప్పటి నుంచి వచ్చే నెల?"

"పద్నాలుగు నెలల నుంచి."

సమావేశం గురువారం పొద్దున పదకొండున్నరకి, లండన్‌లో. నేను ఒక జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టర్ల క్లినిక్‌లో, రిసెప్షనిస్టును. డ్యూటీ రోటా మార్పించుకున్నాను. రవికి ఆఫీసులో కదలడానికి వీల్లేని పని. పైగా అతను వాటాదారు కాడు. ఆ మాట నేను రెండుసార్లు గుర్తు చేశాను.

తోడుగా భాగ్యలక్ష్మి ఆంటీని పిలిచాను. ఆంటీది వరంగల్. ఉండేది హీత్రో పక్కన హేస్‌లో. ఇరవై ఏళ్లు విమానాల్లో పెట్టే భోజనం ట్రేలు సర్ది రిటైరయ్యారు. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్లింట్లోనే ఒక గదిలో అద్దెకున్నాం. "షేర్‌హోల్డర్లకు మంచిగ తిండి పెడ్తరంట బిడ్డా, వస్త" అన్నారు.

స్విండన్ బస్ స్టేషన్‌లో పొద్దున ఆరున్నర కోచ్ ఎక్కాను. ఆ వేళ రైలు టికెట్ ధర చూస్తే ఇంకో షేరు పడిపోయినట్టే ఉంటుంది. కోచ్‌కి అందులో మూడోవంతు కూడా కాలేదు. పక్క సీట్లో ఒకాయన నా చేతిలోని కంపెనీ నివేదిక చూసి, "చదువుకుంటున్నారా?" అని మర్యాదగా అడిగాడు. "లేదు, చమురు వ్యాపారం" అన్నాను. రీడింగ్ దాటేదాకా ఆయన మళ్లీ నా వైపు తిరగలేదు.

ఎనిమిదింటికి హీత్రో. 140 నంబరు బస్సులో ఆంటీ అప్పటికే వచ్చి ఉన్నారు. పట్టుచీర, పైన రెయిన్‌కోటు, చేతిలో స్టీలు డబ్బా.

"భోజనం పెడ్తరన్నారు కదా ఆంటీ, డబ్బా ఎందుకు?"

"పెట్టకపోతే?" అన్నారు. ఇరవై ఏళ్లు ట్రేలు సర్దిన మనిషి.

తొమ్మిదిన్నర దాటితే చవకని అప్పటిదాకా ఆగి, రోజంతా తిరిగే ట్రావెల్‌కార్డులు తీసుకుని పికడిల్లీ లైన్ రైలు ఎక్కాం. దారిలో ఆంటీకి గొట్టం కథంతా చెప్పాను. మా ఆయన గ్రాఫులు గీసి గంట చెప్పినది ఆంటీకి రెండు స్టేషన్లలో అర్థమైపోయింది.

"నూనె వాళ్ల జాగల ఉన్నది, దర్వాజ వీళ్ల చేతుల ఉన్నది. పంచుకునేటప్పుడు లొల్లి. గింతే కదా? మనం చూడని లొల్లా!"

"మా సీమలో అయితే కాలవ పొలం పక్కనే పోతాది ఆంటీ. తూము మాత్రం తీయరు."

"మీది వేరే లొల్లి" అన్నారు ఆంటీ ఉదారంగా.

హౌన్స్‌లోలో ఒక తెలుగమ్మాయి ఎక్కింది. భుజాన లాప్‌టాప్ సంచి, కళ్లలో నిద్ర. మా మాటలు విని నవ్వింది. విజయవాడట, మాస్టర్స్ చేస్తోందట. "ఎక్కడికి ఆంటీ?" అని అడిగింది. అడిగింది నన్ను. నా వయసు ముప్పై నాలుగు.

"మా నూనె బావి సంగతి కనుక్కునేటందుకు పోతున్నం" అన్నారు అసలు ఆంటీ.

ఆ అమ్మాయి సీట్లో సర్దుకుని కూర్చుంది. "మీ కంపెనీలో ఏమన్నా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి ఆంటీ" అంటూ తన నంబరు రాసిచ్చింది.

హోల్బర్న్‌లో రైలు మారి, సెయింట్ పాల్స్‌లో దిగేసరికి పదిన్నర దాటింది. ఒక లాయర్ల ఆఫీసులో తొమ్మిదో అంతస్తు. షేర్లు నావేనని బ్రోకరు ఇచ్చిన ఉత్తరం నా దగ్గర ఉంది. నాకు పచ్చ బ్యాడ్జి తగిలించారు. ఆంటీకి ఎర్ర బ్యాడ్జి ఇచ్చి, అతిథులు కూర్చోవచ్చు కాని మాట్లాడకూడదు అన్నారు. ఆంటీ ఆ బ్యాడ్జిని రెయిన్‌కోటు లోపలి వైపు పెట్టుకున్నారు.

బల్ల మీద టీ, కాఫీ, ఒక పళ్లెంలో బిస్కెట్లు ఉన్నాయి. అంతే. ఆంటీ బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డ ఎత్తి కిందకి కూడా చూసి వచ్చారు.

"మూడేళ్ల కింద వేడి భోజనం, వైన్" అన్నాడు పక్కన నిలబడ్డ ఒక ముసలాయన. వేల్స్ నుంచి వచ్చాడట, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. "నిరుడు శాండ్‌విచ్‌లు. నేను నివేదికలు చదవనమ్మా. ఈ బల్ల చూస్తాను." ఆయన రెండు బిస్కెట్లు కోటు జేబులో వేసుకున్నాడు. ఆయన పెన్షన్ డబ్బులో పెద్ద ముక్క ఇందులోనే ఉందట. నవ్వుతూనే చెప్పాడు. చెప్పి, మూడో బిస్కెట్ కూడా జేబులో వేసుకున్నాడు.

పదకొండున్నరకి మొదలుపెట్టారు. మేనేజింగ్ డైరెక్టర్ నీలం సూటులో వచ్చి, గోడ మీద మ్యాప్ వేసి, చేతిలోని ఎర్ర దీపంతో గొట్టం వెంబడి మమ్మల్ని సముద్రం దాకా నడిపించాడు. భూమి కింద అంతా అద్భుతంగా ఉందట. సమస్యలన్నీ భూమి పైనేనట. చర్చలు నిర్మాణాత్మకంగా సాగుతున్నాయట, సంకేతాలు సానుకూలంగా ఉన్నాయట. గదిలో ఓ యాభై మంది ఉంటారు, ఎక్కువమంది తలలు నెరిసినవాళ్లే. ఒక్కరూ తలాడించలేదు.

నా ఫోన్ వణికింది. రవి. 'రాజీ అంటున్నారు! రేటు పెరుగుతోంది! ఏమన్నారు??'

ప్రశ్నలు అడగమన్నారు. ఎవరో డ్రిల్లింగ్ లోతు గురించి అడిగారు. చిన్నప్పుడు నంద్యాల దగ్గర మా నాయన కాలవ గట్టు మీద కూర్చుని తూము తీసే లష్కరు కోసం ఎదురుచూడడం నాకు గుర్తొచ్చింది. నీళ్లు ఎంత లోతున్నాయని ఆయన ఎప్పుడూ అడగలేదు. తాళం ఎవరి దగ్గరుందనే అడిగేవాడు. నేను చెయ్యెత్తాను. మైకు వచ్చింది.

"ఆ గొట్టానికి ట్యాప్ ఎవరి చేతిలో ఉంది?" అని ఇంగ్లీషులో అడిగాను.

మేనేజింగ్ డైరెక్టర్ చాలా మంచి ప్రశ్న అన్నాడు. మూడు నిమిషాలు మాట్లాడాడు. భాగస్వాములు, చట్రం, దీర్ఘకాలిక దృక్పథం.

"గది కాదు బిడ్డా నువ్వడిగింది!" అన్నారు ఆంటీ. ఆంటీకి మైకు అక్కర్లేదు.

మధ్యలో కూర్చున్న ఛైర్మన్, తెల్లజుట్టు పెద్దాయన, కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆవిడ ఏమన్నారు?"

"నేనడిగింది అది కాదంటున్నారు" అన్నాను.

వేల్స్ ముసలాయన ఫక్కున నవ్వాడు. తర్వాత గది మొత్తం నవ్వింది. ఛైర్మన్ నవ్వలేదు. ఒక్క క్షణం తన కాగితాల వైపు చూసి, వాటిని పక్కకు జరిపాడు.

"మేడమ్, తాళం ఒక ప్రభుత్వం దగ్గర ఉంది. రేవు ఇంకో ప్రభుత్వం దగ్గర. అమ్మగా వచ్చిన డబ్బు గురించి తగువు మూడో ప్రభుత్వానిది. మన దగ్గర ఉన్నది బావి మాత్రమే."

ఎవరో చప్పట్లు కొట్టారు. నీలం సూటాయన దీపం ఆర్పేశాడు.

తర్వాత డైరెక్టర్ల జీతాల పెంపు మీద ఓటు. వద్దని నేను చెయ్యెత్తాను. సగానికి పైగా చేతులు లేచాయి. మాట్లాడకూడని ఆంటీ రెండు చేతులూ ఎత్తారు. అయినా తీర్మానం నెగ్గింది. ఎక్కువ షేర్లున్న పెద్ద ఫండ్లు తమ ఓట్లు ముందే పంపేశాయట.

ఒంటిగంటకి సెయింట్ పాల్స్ చర్చి మెట్ల మీద కూర్చుని ఆంటీ స్టీలు డబ్బా తెరిచారు. సర్వపిండి. నేను చిత్రాన్నం తెచ్చుకున్నాను. అటూ ఇటూ పంచుకున్నాం. ఆ పంపకంలో మాకు ఏ తగువూ రాలేదు.

రవి ఫోన్ చేశాడు. "పదో వంతు పెరిగింది! అమ్మొద్దు. రాజీ అయితే రెట్టింపవుద్ది."

"ఎవరితో ఎవరికి రాజీ?"

"అదే... వాళ్లందరికీ."

ఫోన్ పెట్టేశాను. పెద్ద లెక్కలు నాకు రావు. కంపెనీ ఛైర్మనే తన చేతిలో తాళం లేదని యాభై మంది ముందు చెప్పాడు. అంతకంటే ఇంకేం వినాలి? బ్రోకరు నంబరుకి ఫోన్ చేశాను. ఫోనెత్తిన కుర్రాడు ఖాతా నాదేనని తేలడానికి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పమన్నాడు. పుట్టినరోజు చెప్పాను. రెండోది, "మీకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు?"

ఖాతా తెరిచినప్పుడు ఆ జవాబు రాసింది నేను కాదు. నంద్యాల అన్నాను. కాదట. స్విండన్ అని ఉండదని నాకే తెలుసు. ఇంకొక్క అవకాశం ఉందన్నాడు.

"మీ ఆయనది ఏ ఊరు?" అన్నారు ఆంటీ, నోట్లో సర్వపిండితో.

"తెనాలి" అన్నాను ఫోన్‌లో.

"ధన్యవాదాలు మేడమ్" అన్నాడు కుర్రాడు.

అలా నాకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన ఊరు తెనాలి అని పెళ్లైన ఏడేళ్లకి తెలిసింది. మొత్తం అమ్మేశాను. వచ్చింది పెట్టినదానిలో మూడోవంతు కూడా కాదు. ఆంటీ నా వీపు మీద చెయ్యి వేసి, డబ్బాలో చివరి ముక్క నాకిచ్చారు.

మూడింటికి హీత్రోలో ఆంటీని బస్సెక్కించి, నేను స్విండన్ కోచ్ ఎక్కాను. ఎప్పుడైనా ఇలాంటి సమావేశానికి వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. కోచ్ సీటు కుడివైపు తీసుకోండి, పొద్దున ఎండ పడదు. తిండి మీరే తీసుకెళ్లండి. నివేదికలో బొమ్మలు బాగుంటాయి, కాని మనుషుల మొహాలు చూడాలంటే వెళ్లాల్సిందే. రాజీ కబురు, శని ఆదివారాలు పోను, నాలుగు రోజులు నిలిచింది. ఆ నాలుగు రోజులూ రేటు పెరిగింది, మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. ఐదో రోజు రాజధాని వాళ్లు అలాంటిదేమీ లేదన్నారు. ఆ తర్వాత రవి టీవీలో ఆ వార్తలు వచ్చినప్పుడల్లా ఛానల్ మార్చేవాడు.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ సాయంత్రం నాలుగున్నరకి స్విండన్‌లో దిగేసరికి, రవి ఆఫీసు నుంచి ముందే వచ్చి కారులో కూర్చుని ఉన్నాడు. తలుపు వేసుకుని, "అమ్మేసినా" అన్నాను. ఎంతకో చెప్పాను. తిడితే అనడానికి నాలుగు మాటలు కోచ్‌లోనే కూడబెట్టుకున్నాను.

అతను స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు.

"నేనైతే అమ్మలేకపోయేవాణ్ణి సుజా" అన్నాడు. "రోజూ పొద్దున ఎనిమిదింటికి మార్కెట్ తెరవగానే బాత్రూమ్‌లో కూర్చుని రేటు చూసుకునేవాణ్ణి. నీకు తెలీకూడదని. ఒక్కోరోజు ముప్పావు గంట."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. పద్నాలుగు నెలలుగా అది మలబద్ధకం అనుకుని, రోజూ పరగడుపున రెండు గ్లాసుల వేణ్నీళ్లు తాగిస్తున్నాను. సోమవారానికి మా సర్జరీలో అతనికి డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. పొద్దున్నే వెళ్లి రద్దు చేయించాలి.