డ్రాగన్‌కి చెరుకు రసం

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలమంతా నేను మాంత్రికుణ్ణి. నవ్వకండి! రెండు జడలేసుకున్న పదేళ్ల ఆడపిల్లని, నర్సీపట్నంలో మా ఇంటి వసారాలో కూర్చుని, తెల్లగడ్డం మాంత్రికుణ్ణి.

దీనంతటికీ కారణం మా తమ్ముడు చిన్నాకి వచ్చిన పచ్చకామెర్లు. ఏడేళ్లవాడు... మంచం మీద ఉండమంటే ఉంటాడా? కాస్త కన్ను మరిస్తే గోడ దూకేసేవాడు. ఉప్పూ కారం లేని చప్పిడి పత్యం, నూనె చుక్క తగలకూడదు, పూటకో గ్లాసు చెరుకు రసం. వాడి ముందు పిండివంట పేరెత్తితే నానమ్మ ఊరుకునేది కాదు.

సరిగ్గా అప్పుడే సెలవులకి దిగాడు శీను అన్నయ్య, మా పెద్దమ్మ కొడుకు. విశాఖపట్నంలో ఇంజనీరింగు. హాస్టల్లో ఎవరిదో ఇంగ్లీషు పుస్తకం జిరాక్సు తీయించుకొచ్చాడు. అందులో ఒక ఆట ఉంది... బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోవాలి.

"ఈణ్ణి మంచం దిగకుండా సూసే పూచీ నాది పిన్నీ" అన్నాడు మా అమ్మతో.

చిన్నా కత్తి వీరుడు. పక్కింటి గౌరి బాణాలేసేది. నేను మాంత్రికుణ్ణి. ఆ ఆటకి ఏవేవో ముఖాలున్న పాచికలు కావాలట, మనకెక్కడివి? నానమ్మ దగ్గరున్న ఆరు గవ్వలు తెచ్చుకున్నాం.

అబ్బో, ఆ లోకం మాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! మనుషులకి చెవులు సూదిగా ఉంటాయట. పూటకూళ్లింట్లో చీజు పెడతారట. చీజంటే ఏమిటని అడిగితే "జున్నులాంటిదిలే" అని దాటేశాడు అన్నయ్య. ఊరంతా మంచు కురుస్తోంది అన్నాడు. మంచంటే మాకు తెలిసింది దగ్గర్లోని లంబసింగి కొండల చలే కదా... వెళ్లి దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. మే నెలలో! చెమటలు ధారగా కారుతున్నా ఒక్కరమూ తియ్యలేదు.

నానమ్మకి మాత్రం నా వేషం నచ్చలేదు. "ఆడపిల్ల మంత్రాలెయ్యడమేటి? ఎవులైనా ఇంటే సేతబడి సేస్తన్నారనుకుంటారు!" అని కేకలేసింది. అందుకని నేను మంత్రం పైకి చదివేదాన్ని కాదు. ఎవరికి వెయ్యాలో వాళ్ల చెవిలో చెప్పేదాన్ని.

ఆటలో రోజుకి నాకు మూడే మంత్రాలు. శత్రువుల మీద వెయ్యాల్సినవి... కానీ రెండు మా చిన్నాకే అయిపోయేవి. "అక్కా, మంత్రం..." అని పెదాలు తడుపుకునేవాడు. నానమ్మ అటు తిరగ్గానే వాడి చెవి దగ్గరికి వంగి, "ఉల్లి పకోడీ... వేడివేడిగా... పొట్లం నిండా" అనేదాన్ని. కళ్లు మూసుకుని నిజంగానే నమిలేవాడు వెధవ!

గౌరికి ఒళ్లు మండిపోయేది. "మంత్రాలన్నీ ఈడి పొట్టకేనేటే?"

ఒక మధ్యాహ్నం మాత్రం వాడు పకోడీ అడగలేదు. చూడటానికొచ్చిన ఎవరో పెద్దావిడ, కామెర్లు ముదిరితే మనిషి దక్కడని అమ్మతో అంటుంటే విన్నాడట.

"అక్కా, నాను సచ్చిపోతానా?"

"నోర్ముయ్" అన్నాను.

ఆ సాయంత్రమే ఆటలో గుహలోకి అడుగుపెట్టాం. అన్నయ్య గొంతు మార్చి చెప్పాడు... లోపల పెద్ద డ్రాగన్ ఉంది. ఒళ్లు పసుప్పచ్చన, కళ్లు పసుప్పచ్చన. కదలకుండా పడుకుని మిమ్మల్నే చూస్తోంది.

"నిప్పెయ్యే! బేగి నిప్పెయ్యే!" అని గౌరి నన్ను కుదిపేసింది. నా దగ్గర మిగిలింది ఒక్క మంత్రమే.

చిన్నా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఒద్దక్కా... దానికి కామెర్లొచ్చినాయి. కళ్లు సూడు. అందుకే లెగలేక పడుకుంది. దానికి సెరుకు రసం ఇయ్యక్కా."

ఒక్కరు నవ్వితే ఒట్టు. అన్నయ్య జిరాక్సు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. డ్రాగన్‌కి పత్యం ఏ పేజీలోనూ లేదు పాపం. నేను లేచి, వసారా మూలకి వెళ్లి, కనపడని ఆ డ్రాగన్ చెవిలో మంత్రం చెప్పి వచ్చాను.

"తాగితే తగ్గిపోద్దా అన్నయ్యా దానికి?" అన్నాడు చిన్నా.

వాడు అడుగుతున్నది డ్రాగన్ గురించి కాదని మా ముగ్గురికీ తెలుసు.

శీను అన్నయ్య ఆటలో మహా ఖచ్చితం మనిషి. ఎంత బతిమాలినా గవ్వలు ఎలా పడితే అలాగే. "తగ్గాలంటే సగం కన్నా ఎక్కువ వెల్లకిలా పడాలి" అని అలవాటుగా అనేసి, నాలుక కరుచుకున్నాడు. అప్పటికే గవ్వలు అన్నయ్య చెయ్యి జారిపోయాయి.

ఒక్కటంటే ఒక్కటే వెల్లకిలా పడింది. నేను చూశాను. అన్నయ్య టక్కున అరచెయ్యి కప్పేశాడు.

"అయిదు!" అని అరిచింది గౌరి. ఆటలో చిన్న తొండి చేసినా జుట్టు పట్టుకుని కొట్టే గౌరి! "అయిదు పడ్డాయి, నాను సూసినాను. తగ్గిపోద్ది దానికి!"

చిన్నా పెద్దగా ఊపిరి వదిలాడు. "పకోడీలెప్పుడు తినొచ్చు అది?" అన్నాడు.

"పత్యం అయిపోగానే" అన్నాడు అన్నయ్య, గవ్వలు గబగబా ఏరేస్తూ.

నానమ్మ తెచ్చిన గ్లాసు ఆ పూట మారాం చెయ్యకుండా గటగటా తాగేశాడు. నేను పెరట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. రోజూ కొట్టుకునే ఆ వెధవంటే నాకు అంత ప్రాణమని ఆ రోజే తెలిసింది.

తగ్గిపోయింది లెండి. ఇప్పుడు ఇంత పొట్టేసుకుని తిరుగుతున్నాడు.

మొన్న వాడి కొడుకు ఫోన్లో ఇలాంటి ఆటే ఆడుతున్నాడు. మాంత్రికుడు, గుహ, డ్రాగన్... ఎంత బాగున్నాయో బొమ్మలు! పిల్లాడు ఓడిపోయాడు. కింది పెదవి వణికింది. ఫోను మాత్రం హుషారుగా పాట పాడి, మళ్లీ ఆడతావా అని అడిగింది. దాన్ని మాత్రం ఏమంటాం... పిల్లాడి మొహం చూసి అబద్ధమాడటం దానికెవరు నేర్పారు?

మీ చిన్నప్పుడు మీకోసం అంత పచ్చి అబద్ధం ఆడినవాళ్లు ఎవరు? పేరు చెప్పండి... ఇది చదివేవాళ్లలో వాళ్లూ ఎక్కడో ఉండే ఉంటారు, చూసుకుంటారు.