ఆ మూడడుగులు ఎవరివి

పదిహేడేళ్ల వయసులో ఇల్లందులోని ఒక నాటక సమాజంలో చేరాను. నాన్న బొగ్గు బాయిలో పనిచేసేవాడు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోతే, జూలూరుపాడు దగ్గరి మా తండా నుంచి నన్ను తీసుకుని ఇల్లందు క్వార్టర్లకు వచ్చేశాడు. అక్కడే పెరగడం వల్ల మా తండా భాష వింటే అర్థమయ్యేది కానీ, మాట్లాడబోతే తడబడేదాన్ని. తెలుగు పద్యం మాత్రం తప్పు లేకుండా పాడేదాన్ని.

సమాజాన్ని నడిపేది హార్మోనియం మాస్టారు, మధిర వైపు మనిషి. మొదటి రోజు నా చేత రెండు పద్యాలు పాడించుకుని, "గొంతు బాగుందమ్మా. తండా పిల్లవి కదా, ఆట కూడా వచ్చే ఉంటుంది" అన్నారు. రాదంటే పంపించేస్తారేమోనని తల ఊపాను.

అప్పటి నుంచి ఏ నాటకమైనా నా కోసం అందులో ఒక అడవి సీను పుట్టుకొచ్చేది. నేను పాడగలిగిన రాణి పద్యాలు ఇంకొకరు పాడుతుంటే, అద్దాల పావడా కట్టుకుని తెర పక్కన నిలబడేదాన్ని. ఆ పావడా ఖమ్మంలో ఒక దర్జీ కుట్టింది, అద్దాలేమో ప్లాస్టిక్‌వి. పండుగలప్పుడు తండాలో చూసిన నాలుగు కదలికలకు నా సొంతవి ఆరు కలిపి ఆడేదాన్ని. జనం అదే తండా ఆట అనుకునేవారు. తండాల నుంచి వచ్చినవాళ్లు కూడా తప్పు పట్టలేదు. ఏ తండా పిల్లవని అడిగి, టీ తాగించి పంపేవారు. అది మర్యాదో, నేను నిజంగా బాగా ఆడానో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక సాయంత్రం చండ్రుగొండలో ప్రదర్శన. ఆట మధ్యలో నా ఎడమ కాలి గజ్జె పావడా అంచులో ఇరుక్కుంది. లాగితే గుడ్డ చిరుగుతుంది, ఆగితే పరువు పోతుంది. వంగి ఎడమ చేత్తో అంచు పట్టుకుని, ఎవరికీ తెలియకూడదని కుడి చెయ్యి పైకెత్తి, గుండ్రంగా తిరుగుతూ మూడడుగులు వెనక్కి గెంతాను. మూడో అడుగుకి అంచు దారం తెగి గజ్జె విడివడింది. జనం ఈలలు వేశారు. లోపలికి రాగానే మాస్టారు, "ఆ మూడడుగులూ రోజూ వెయ్యి" అన్నారు.

"అది ఆట కాదు సార్, గజ్జె ఇరుక్కున్నది" అన్నాను.

"చూసేవాళ్లకు తెలియదు కదమ్మా."

అలా ఆ అడుగులు నాతో ఉండిపోయాయి. నలభై దాటాక ఒక్కసారి రాణి వేషం దొరికింది. పద్యాలన్నీ పాడాను. చివర్లో వెనక వరుసల నుంచి, "అడవి ఆట ఆడాలె" అని కేకలు మొదలయ్యాయి. కిరీటం తియ్యకుండానే ఆడాను. పద్యాల కంటే దానికే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. కోపం వచ్చిందని చెప్పలేను, సంతోషమనీ చెప్పలేను.

ఇప్పుడు నాకు యాభై ఎనిమిది. సమాజం ఎప్పుడో చెదిరిపోయింది. ఖమ్మంలో పిల్లలకు పాట నేర్పుతున్నాను. పోయిన ఏడాది మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికి తండాకు వెళ్లాను. అమ్మకు సొంత అక్క ఆమె. ఆడవాళ్ల ఆటల మీద పరిశోధన చేస్తున్నానంటూ యూనివర్సిటీ అమ్మాయి ఒకామె ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఆడవాళ్లు గుండ్రంగా ఆడుతూ ఆడుతూ, ఒక్కసారిగా ఎడమ చేత్తో పావడా అంచు పట్టుకుని, కుడి చెయ్యి పైకెత్తి, మూడడుగులు వెనక్కి గెంతారు.

చేతిలో ప్లేటు పక్కన పెట్టి దగ్గరికి వెళ్లాను.

"అవ్వా, ఈ అడుగు ఎక్కడిది?" అని ఆ అమ్మాయి పెద్దమ్మను అడిగింది.

"మా అమ్మలనాటిది బిడ్డా. అడవిల ముండ్లకు పావడా తట్టుకుంటే గిట్లనే ఇడిపించుకునేటోళ్లు."

"పెద్దమ్మా, అది నేను నాటకంల చేసింది గదా" అన్నాను.

"నువ్వేంది చేసేది? మీ అమ్మ ఆడేది. నిన్ను సంకలేసుకోనే తిరిగేది."

అమ్మ గురించి నాకు గుర్తున్నది తక్కువ. ఎత్తుకున్నప్పుడు ఆమె చేతి గాజులు నా వీపుకి చల్లగా తగిలేవి, అంతే. సంకలో ఉన్న పిల్లకు అడుగులు గుర్తుంటాయా? లేక వీళ్లే నా ఆట చూసి నేర్చుకుని, పాతదనుకుంటున్నారా? నా నాటకం ఎప్పుడైనా చూశావా అని పెద్దమ్మను అడిగాను.

"అవ్. జూలూరుపాడుల ఒక్కసారి చూసిన. అచ్చం మీ అమ్మ లెక్కనే ఆడుతున్నవని ఏడ్చిన" అంది.

అప్పుడే ఆ మాట నాకెందుకు చెప్పలేదో అడగలేకపోయాను.

మర్నాడు మధిరకు, మాస్టారికి ఫోన్ చేశాను. ఎనభై దాటినా గొంతు అలాగే ఉంది. "ఆ అడుగులా? నేనే కదమ్మా నేర్పింది. ఇల్లందు పక్క తండాలో చూసొచ్చి నీకు చెప్పాను" అన్నారు.

"చండ్రుగొండలో గజ్జె ఇరుక్కున్నది కద సార్?"

"అదెప్పుడమ్మా?"

ఆయన మరిచిపోయారనుకుని ఫోన్ పెట్టేశాను. కానీ నా జ్ఞాపకమే సరైనదని చెప్పేవాళ్లెవరు? దారం తెగిన చప్పుడు నాకు స్పష్టంగా గుర్తుంది. అంత వాద్యాల మోతలో దారం చప్పుడు ఎలా వినపడిందని ఆ రోజే మొదటిసారి అనుమానం వచ్చింది.

వారం తర్వాత, పెళ్లిలో నా నంబరు తీసుకున్న ఆ యూనివర్సిటీ అమ్మాయి ఫోన్ చేసింది. మూడు కథలూ చెప్పాను.

"మీరు ఏది నమ్ముతున్నరు మేడం?"

"నాకు తెల్వదమ్మా."

"ఏదో ఒకటి రాయాలె గదా."

"తండా ఆడోళ్లదని రాయి."

"మీ పేరు వద్దా మేడం?"

వద్దన్నాను. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే మళ్లీ చేసి, పెట్టమన్నాను. పదకొండింటికి ఇంకోసారి చేసి, తీసెయ్యమన్నాను. ఆమె విసుక్కోలేదు.

"పొద్దున మీరు పెట్టమనంగనే వ్యాసం పంపిన మేడం. మీ పేరు కూడా రాసిన. మీ అమ్మగారి పేరు తెల్వక అక్కడ ఖాళీ వదిలిన. ఇంకా మార్చొచ్చు" అంది.

మా అమ్మ పేరు చెప్పాను. ఒక్కో అక్షరం విడదీసి రెండుసార్లు చెప్పాను. ఆమె రాసుకుని తిరిగి చదివింది. సరిగ్గానే ఉందన్నాను. నా పేరు మాత్రం ఉంచాలో తీసెయ్యాలో ఆమె మళ్లీ అడగలేదు, నేనూ మళ్లీ చెప్పలేదు.