గీతకి బయట అరంగుళం

ఆమె సంచిలో ఎప్పుడూ రెండు కత్తెరలుంటాయి. ఒకటి గుడ్డకి, ఇంకోటి కాగితానికి. యూనివర్సిటీలో చేరిన నాలుగో రోజున హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉండే పిల్ల ఆ గుడ్డ కత్తెర తీసి అట్టముక్క కోయబోయింది. ఆమె చటుక్కున లాక్కుంది. కాగితం తగిలితే పదును పోతుందని, ఆ కత్తెర ఆరేళ్లుగా కాగితం మొహం చూడలేదని ఆ పిల్లకేం తెలుసు? ఆ రోజంతా ఇద్దరికీ మాటల్లేవు. మర్నాడు ఆ పిల్లే తన ప్యాంటు పట్టుకొచ్చి, కాస్త పొట్టి చేసిపెట్టమంది. అక్కడితో రాజీ అయిపోయింది. వారం తిరక్కుండా తరగతిలో ముప్పై అయిదు మందికీ ఆమె అక్క అయింది.

అక్క వయసు ఇరవై నాలుగు. స్కూలు చదువు అవగానే మేనత్త కొట్లో మిషన్ ముందు కూర్చుంది. పిల్లల యూనిఫాంలు కుట్టే కొట్టు. ఆరేళ్లు కాలర్లు, జేబులు, కాజాలు. ఖాళీ దొరికితే పాత కొలతల కాగితాల వెనక ఇళ్ల బొమ్మలు గీసుకునేది. ఆర్కిటెక్చర్‌లో సీటొచ్చిందని చెప్పినప్పుడు మేనత్త పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే అంతా విని, ఆఖర్న సూదులు తీసి ఒక్క మాట అంది.

"ఏడాది చూడు. గట్టెక్కావా, సంతోషం. లేదంటే నీ మిషన్ ఎక్కడికీ పోదు."

అన్నట్టే దాని మీద గుడ్డ కప్పి ఉంచింది, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. అది ధైర్యం చెప్పడమో బెదిరించడమో ఆమెకి చాలాకాలం తేలలేదు.

మొదట్లో చదువుకంటే సాయంత్రాలే ఇబ్బంది పెట్టాయి. కొట్లో పొద్దు వాలేసరికి బల్ల మీద పన్నెండు చొక్కాలు కనిపించేవి. ఇక్కడ రోజంతా పాఠాలు విన్నా చేతిలో చూపించుకోడానికి ఏమీ ఉండేది కాదు. పైగా మిషన్ చప్పుడు లేని చోట ఊరికే కూర్చుంటే ఆమెకి నిద్ర ముంచుకొచ్చేది. రెండో వరస నుంచి మొదటి వరసకి మారింది, నిద్ర కూడా వెంటే వచ్చింది. చివరికి ఒళ్లో ఎవరిదో చొక్కా పెట్టుకుని గుండీలు కుడుతూ పాఠం వినడం మొదలుపెట్టింది. చరిత్ర చెప్పే మేడమ్ వారం రోజులు చూసీ చూడనట్టు ఊరుకుని, ఎనిమిదో రోజున తన కోటు తెచ్చి ఇచ్చింది.

చిక్కంతా మోడల్ క్లాసులో వచ్చింది. ఏడాది చివర తరగతంతా కలిసి ఒక వీధి కట్టాలి. ముప్పై ఆరు అట్ట ఇళ్లు, ఒక్కోదానికి బల్ల మీద గీసిన ఒక్కో గడి. ఇల్లు ఆ గడిలో పట్టకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు, ఏడాది మళ్లీ చదవాలి. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. ఆమె రెండు ఇళ్లు అప్పటికే వెనక్కొచ్చాయి. రెంటిలోనూ ఒకటే జబ్బు: ప్రతి గోడా అన్నివైపులా అరంగుళం ఎక్కువ. కప్పు కింద నుంచి గోడలు చెవుల్లా బయటికొచ్చాయి.

మోడల్ సారు గోడని గీత దగ్గర వేలితో తట్టి, గీత మీద కోయకుండా బయట ఎందుకు కోస్తున్నావని అడిగాడు.

"లోపలికి మడవడానికి ఉండాలి కద్సార్," అంది ఆమె. అన్నాక గానీ ఏమందో తెలియలేదు.

"గోడని ఎటు మడుస్తావమ్మా?"

తరగతి ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. గదికొచ్చాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు. గుడ్డ మీద సుద్దగీత కుట్టుకోసం, కత్తెర దానికి అరంగుళం బయట నడవాలి. ఆరేళ్లలో ఆ సంగతి బుర్రలోంచి చేతిలోకి దిగిపోయింది. గీత మీదే కోయాలని ఎంత గట్టిగా అనుకున్నా, చాకు పట్టుకోగానే చెయ్యి పక్కకి జరిగేది.

ఆదివారం మధ్యాహ్నం పారేసే అట్టముక్కల మీద పది గీతలు గీసి, ఏమీ ఆలోచించకుండా కోసింది. స్కేలుతో కొలిచింది. పదింటికి పదీ గీతకి అరంగుళం బయట పడ్డాయి. వెంట్రుకవాసి తేడా లేదు. గదిలో పిల్లని పిలిచి చూపించింది.

"ఇంత కచ్చితంగా తప్పు చెయ్యడం నావల్ల కాదక్కా," అంది పిల్ల.

ఆ మాటకి ఆమె మళ్లీ స్కేలు అందుకుంది. మూడో ఇంటికి ప్రతి గోడనీ అన్నివైపులా అరంగుళం చిన్నగా గీసింది. తర్వాత చేతిని దాని మానాన వదిలేసింది. సాయంత్రం అయిదయ్యేసరికి బల్ల మీద నాలుగు గోడలు, ఒక కప్పు ఉన్నాయి. చాన్నాళ్ల తర్వాత ఆమెకి పొద్దు వాలేవేళకి కళ్ల ముందు పని కనిపించింది.

బుధవారం సారు ఇంటిని పైకెత్తి తిప్పి చూశాడు. గోడల లోపలివైపు పెన్సిల్ గీతలు అరంగుళం దూరంలో అలాగే ఉన్నాయి. ఇవేంటని అడిగితే ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఇంటిని గడిలో దించాడు. దిగింది. పక్క గడి కుర్రాడి ఇల్లు ఒక మూల ఇరుక్కుంటే, దాన్ని చెక్కడానికి అతను ఆమె దగ్గరే చాకు తీసుకున్నాడు.

పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు మేనత్తకి ఫోన్ చేసింది. మార్కులు అరవై రెండు శాతమని చెప్పింది. అవతల మిషన్ ఆగింది.

"అయితే ఆ గుడ్డ తీసేస్తానే. కొత్తమ్మాయి రెణ్నెల్లుగా స్టూలు మీద కూర్చుని గుండీలు కుడుతోంది పాపం."

"తీసెయ్ అత్తా. పెడల్ కాస్త బిగుతుగా ఉంటుంది, నూనె వెయ్యమను. నేను వేసుక్కూర్చునే దిండు కూడా ఆ పిల్లకే ఇచ్చెయ్."

అట్ట వీధి ఇప్పటికీ మూడో అంతస్తు వరండాలో గాజు పెట్టెలో ఉంది. అందులో ఆమె ఇల్లు పంతొమ్మిదోది. పొడవు ఇరవై నాలుగు సెంటీమీటర్లు, వెడల్పు పదహారు, సరిగ్గా గడి ఎంతో అంతే.